బోర్డు సభ్యుల బాధ్యతలు, 3వ పాఠం: మన సొంత లావాదేవీ బోర్డు ముందుకు వచ్చినప్పుడు

లాభాపేక్ష లేని సంస్థల బోర్డు సభ్యులకు అమెరికా చట్టం మూడు బాధ్యతలు పెడుతుందని మొదటి పాఠంలో చూశాం. శ్రద్ధ, నిష్ఠ, సంస్థ ఆశయానికి కట్టుబడి ఉండటం. రెండో పాఠమంతా శ్రద్ధ గురించే. ఈసారి నిష్ఠ, అంటే మన లాభం కన్నా సంస్థ మేలును ముందు చూడటం. లాయర్లు దీన్ని డ్యూటీ ఆఫ్ లాయల్టీ అంటారు. పాఠం పూర్తయ్యేసరికి మీకు ఒక పని చేతనవ్వాలి: బోర్డు సభ్యుడికే లాభం వచ్చే ఒప్పందాన్ని చట్టం మెచ్చేలా నడిపించి, దాన్ని మినిట్స్‌లో, అంటే మీటింగ్‌లో జరిగినదాన్ని నమోదు చేసే కాగితాల్లో, సరిగ్గా రాయడం.

ముందు కిందటి అభ్యాసం సంగతి. బడ్జెట్ కాగితాలు మీటింగ్‌లోనే చేతికిచ్చి వెంటనే ఓటు వేయమంటే ఏం చేయాలని అడిగాను. చదవడానికి టైమ్ అడగండి. ఇవ్వకపోతే మీ అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయించండి. అంతకన్నా పొడుగు జవాబు అక్కర్లేదు.

ఇక నిష్ఠ. ఈ విషయం నేర్చుకునేవాళ్లందరూ తెలుసుకోవాల్సిన తీర్పు ఒకటుంది. వాషింగ్టన్ నగరంలోని సిబ్లీ ఆసుపత్రి మీద కొందరు రోగులు కేసు వేశారు. 1974లో జడ్జి గెర్హార్డ్ గెసెల్ తీర్పు చెప్పారు. ఆసుపత్రి డబ్బు చాలాభాగం వడ్డీ రాని చెకింగ్ ఖాతాల్లోనూ, తక్కువ వడ్డీ వచ్చే ఖాతాల్లోనూ పడి ఉండేది. ఆ బ్యాంకులతో బోర్డు సభ్యులు కొందరికి సంబంధాలున్నాయి. నిబంధనల ప్రకారం ఫైనాన్స్ కమిటీ, ఇన్వెస్ట్‌మెంట్ కమిటీ రెండూ ఉన్నాయి. కానీ 1960లో ఏర్పడినప్పటి నుంచి 1971 దాకా ఆ కమిటీలు ఒక్కసారి కూడా కూర్చోలేదు. నిర్ణయాలన్నీ ఒకరిద్దరివే. మిగతావాళ్లు నమ్మకంతో ఊరుకున్నారు.

వాళ్లు కుట్ర పన్నారని కోర్టు తేల్చలేదు. డబ్బు కట్టమనలేదు, ఎవర్నీ పదవి నుంచి తీసేయలేదు. అయినా బాధ్యత తప్పారని స్పష్టంగా చెప్పింది. ఇకమీద సభ్యులు తమ వ్యాపార సంబంధాలు బయటపెట్టాలనీ, కొత్తగా వచ్చేవాళ్లు కూడా ఈ తీర్పు చదవాలనీ ఆదేశించింది. ఈ కేసు చదివినప్పుడల్లా నాకు బాధనిపించేది ఒక్కటే. వాళ్లెవరూ చెడ్డవాళ్లు కారు. మంచివాళ్లే అడగాల్సింది అడగలేదు.

ఇప్పుడు మన ఉదాహరణకు వద్దాం, ఇది కల్పితం. పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే ఒక సంస్థ ఉంది. పన్ను మినహాయింపు ఉన్న పబ్లిక్ చారిటీ, అంటే ఎక్కువగా ప్రజల విరాళాలతో నడిచే సంస్థ. క్లాసులకు గది కావాలి. కోశాధికారికి ఒక భవనం ఉంది, నెలకు 2,000 డాలర్లకు ఇస్తానంటున్నారు. ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోవచ్చు. చాలామంది ఇక్కడే పొరపడతారు. కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ (సభ్యుడి సొంత లాభం, సంస్థ మేలు ఢీకొనే పరిస్థితి) ఉండటం తప్పు కాదు, దాన్ని దాచడం తప్పు. ప్రైవేట్ ఫౌండేషన్ (సాధారణంగా ఒక కుటుంబం లేదా కంపెనీ డబ్బుతో నడిచేది) అయితే మాత్రం రూలు వేరు. అక్కడ బోర్డు సభ్యుడి భవనానికి అద్దె కట్టడమే నిషేధం, న్యాయమైన అద్దె అయినా సరే. కాబట్టి మీ సంస్థ ఏ రకమో ముందు తెలుసుకోండి.

పబ్లిక్ చారిటీ ఇలాంటి ఒప్పందం చేసుకునేటప్పుడు మూడు పనులు చేస్తే, ఆ ధర న్యాయమైనదేనని పన్ను శాఖ మొదట అనుకోవాలి. కాదంటే రుజువు చేయాల్సింది వాళ్లే. మొదటిది, ఆ లావాదేవీలో స్వలాభం లేని సభ్యులే నిర్ణయం తీసుకోవాలి. రెండోది, ఓటుకు ముందే పోల్చి చూసే వివరాలు సేకరించాలి. మూడోది, అన్నీ సకాలంలో రాసిపెట్టాలి. ఈ మూడోదే ఎక్కువమంది వదిలేస్తారు. నేను మొదటిసారి బోర్డులో ఉన్నప్పుడు ఒక అద్దె ఒప్పందం గురించి ఆడిటర్ అడిగారు. మా మినిట్స్‌లో ఉన్నది ‘ఆమోదించడమైనది’ అన్న ఒక్క మాటే. మేం వేరే అద్దెలు కనుక్కున్నాం, చర్చించాం, కోశాధికారిని బయట కూర్చోబెట్టాం. అవేవీ కాగితం మీద లేవు. ఆ రోజు పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

మినిట్స్ ఎలా ఉండాలో చూడండి:

‘తమ భవనం అద్దెకు ఇచ్చే ప్రతిపాదన ఉందని కోశాధికారి మీటింగ్ మొదట్లోనే తెలిపారు. సభ్యుల ప్రశ్నలకు జవాబిచ్చి, చర్చకు ముందే గది బయటికి వెళ్లారు. అదే ప్రాంతంలో అంతే వైశాల్యం ఉన్న మూడు గదుల అద్దె వివరాలను కార్యదర్శి రియల్ ఎస్టేట్ ఏజెంట్ల నుంచి రాతపూర్వకంగా తెచ్చి చూపారు: 2,100, 2,250, 2,300 డాలర్లు. ఏడాది కాలానికి నెలకు 2,000 డాలర్ల చొప్పున అద్దెకు తీసుకోవాలని, హాజరైన మిగతా ఐదుగురు సభ్యులు ఏకగ్రీవంగా ఓటు వేశారు. తర్వాత కోశాధికారి తిరిగి లోపలికి వచ్చారు.’

దీని కింద తేదీ, చర్చలో ఉన్నవాళ్ల పేర్లు, ఓటు వేసినవాళ్ల పేర్లు ఉండాలి. ఏజెంట్ల కాగితాలు జతచేయాలి. గడువు కూడా ఉంది: తర్వాతి మీటింగ్ లేదా నిర్ణయం జరిగిన 60 రోజులు, ఏది ఆలస్యమైతే ఆలోపు రాయాలి. ఆ తర్వాత ఎక్కువ జాప్యం లేకుండా, రాసింది సరిగ్గా, పూర్తిగా ఉందని బోర్డు ఆమోదించాలి.

‘గది బయటికి వెళ్లారు’ అన్న మాటను తేలిగ్గా తీసుకోకండి. ఓటు వేయకుండా అక్కడే కూర్చుంటే సరిపోదా అని అడుగుతారు. సరిపోదు. ఎదురుగా స్నేహితుడు కూర్చుని ఉంటే ‘ఈ అద్దె ఎక్కువ కదా’ అని ఎంతమంది అనగలరు?

ఈ జాగ్రత్తలేవీ లేకుండా అద్దె 3,000 అయిందనుకోండి, న్యాయమైన అద్దె 2,200. నెలకు 800 చొప్పున ఏడాదికి 9,600 డాలర్లు ఎక్కువ ముట్టాయి. కోశాధికారి ఆ సొమ్ము వడ్డీతో సహా సంస్థకు తిరిగి ఇవ్వాలి. దానిమీద 25 శాతం పన్ను, అంటే 2,400 డాలర్లు, సొంత జేబులోంచి కట్టాలి. గడువులోగా సరిదిద్దకపోతే ఇంకో 200 శాతం పడుతుంది. తెలిసి ఆమోదించిన సభ్యుల మీద 10 శాతం పన్ను ఉంది, ఒక్కో లావాదేవీకి గరిష్ఠంగా 20,000 డాలర్లు. మాట్లాడాల్సిన బాధ్యత ఉన్నచోట మౌనంగా ఉన్నా పాల్గొన్నట్టే లెక్క. గట్టిగా వ్యతిరేకించినవాళ్ల మీద ఆ పన్ను పడదు. అందుకే మీ వ్యతిరేకతను మినిట్స్‌లో రాయించమని మళ్లీ మళ్లీ చెబుతున్నాను.

‘మేం జీతం లేకుండా సేవ చేస్తున్నాం, మాకేం కాదు’ అనేవాళ్లు ప్రతి బోర్డులో ఉంటారు. వాలంటీర్లను కాపాడే ఫెడరల్ చట్టం 1997లో వచ్చిన మాట నిజమే. పొరపాటున జరిగిన మామూలు నిర్లక్ష్యానికి అది రక్షణ ఇస్తుంది. తీవ్రమైన నిర్లక్ష్యానికి, కావాలని చేసిన తప్పుకు ఇవ్వదు. సంస్థే తన వాలంటీర్ మీద కేసు వేస్తే దాన్నీ ఆపదు. పైన చెప్పిన పన్నులకూ దానికీ సంబంధం లేదు.

ఏటా పన్ను శాఖకు పంపే ఫారం 990లో కాన్‌ఫ్లిక్ట్ ఆఫ్ ఇంటరెస్ట్ పాలసీ ఉందా, సభ్యులు తమ ప్రయోజనాలను ఏటా వెల్లడిస్తున్నారా, ఫారం పంపే ముందు బోర్డు సభ్యులందరికీ కాపీ ఇచ్చారా అని అడుగుతారు. మీకు కాపీ రాకపోతే అడిగి తీసుకోండి. వరుసగా మూడేళ్లు తన వార్షిక ఫారం పంపని సంస్థకు పన్ను మినహాయింపు దానంతట అదే రద్దవుతుంది.

అభ్యాసం. సంస్థ వెబ్‌సైట్ తయారు చేసే పని అధ్యక్షురాలి తమ్ముడి కంపెనీకి ఇవ్వాలన్న ప్రతిపాదన వచ్చింది. ఆయన 4,000 డాలర్లు అడుగుతున్నారు. మీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క వేరే కొటేషన్, 3,500. మీటింగ్‌లో అధ్యక్ష స్థానంలో ఉన్నది ఆమే. ఓటుకు ముందు ఏమేం జరగాలో ఒక కాగితం మీద రాయండి. తర్వాత మినిట్స్ రాయండి, పది వాక్యాలు దాటకుండా. మీరు రాసిన దాంట్లో ఆమె ఎప్పుడు బయటికి వెళ్లారో, అప్పుడు మీటింగ్ ఎవరు నడిపారో ఉందా చూసుకోండి. నాలుగో పాఠం అక్కణ్నుంచే మొదలవుతుంది.