జాంబీలొచ్చినా తుఫానొచ్చినా: నలుగురికి పద్నాలుగు రోజుల సరంజామా

2011 మే నెలలో అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ, జాంబీలు (సినిమాల్లో మనుషుల్ని కరిచి తమలా మార్చేసే నడిచే శవాలు) విరుచుకుపడితే ఎలా సిద్ధంగా ఉండాలో చెబుతూ ఇంటర్నెట్‌లో ఒక వ్యాసం పెట్టింది. జనం ఎగబడి చదివేసరికి ఆ సైటు కాస్తా కూలిపోయింది. ఆ వ్యాసంలోని జాబితా మొదలయ్యేది ఆయుధాలతో కాదు, నీళ్లతో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తాకిన విశాఖకూ, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన విజయవాడ సింగ్‌నగర్‌కూ ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కింద ఇచ్చిన లెక్కలన్నీ నలుగురున్న ఇంటికి, పద్నాలుగు రోజులకు.

తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు 4 లీటర్లు కావాలి. మొత్తం 224 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు పన్నెండు. ఆర్వో మిషన్ ఉందిగా అంటారు, కరెంటు పోతే అది గోడకు తగిలించిన డబ్బా. క్యాన్లను బాల్కనీలో ఎండకు వదిలేస్తే పాచి పడుతుంది, మంచం కిందో చీకటి మూలనో పెట్టాలి. రోజువారీ వాడకంలో పాతది ముందు తీస్తూ, కొత్తది వెనక చేరుస్తుంటే నిల్వ పాడయ్యే సమస్యే ఉండదు.

అపార్ట్‌మెంట్లలో దెబ్బ తినేది పైట్యాంకు దగ్గర. ఇరవై ఫ్లాట్లకు 10,000 లీటర్ల ట్యాంకు ఉందనుకుందాం. వాటాకు 500 లీటర్లు. నగరాల్లో తలకు రోజుకు 135 లీటర్లని ప్రభుత్వ ప్రమాణం, ఆ లెక్కన నలుగురికి 540. ఎప్పట్లాగే వాడుకుంటే తెల్లారేసరికి ట్యాంకు ఖాళీ. కరెంటు పోయిన గంటలోపే అసోసియేషన్ వాళ్లు ట్యాంకు వాల్వు కట్టేసి, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట వదలాలి. ఆ వాల్వు ఎక్కడుందో, తుప్పు పట్టి బిగుసుకుపోయిందో లేదో ఇప్పుడే తిప్పి చూసుకోండి.

మోటారు ఆగినా సంపులో నీళ్లుంటాయి. మూత తీసి బొక్కెనతో తోడాలి, తాడు సంపు లోతుకు రెట్టింపు పొడవుండాలి. ఎంత అవసరమొచ్చినా లోపలికి దిగొద్దు. మూసి ఉన్న సంపులో గాలి చాలక దిగినవాడు అరవకుండానే పడిపోతాడు, వాణ్ని తీయబోయినవాడూ అంతే. వరదనీరు కలిసిన సంపు నీళ్లు మరుగుదొడ్డికి తప్ప దేనికీ పనికిరావు.

అనుమానమున్న నీళ్లను తెర్లడం మొదలయ్యాక ఇంకో నిమిషం మరిగిస్తే చాలు. పది నిమిషాలు మరిగిస్తే గ్యాసు దండగ. గ్యాసు మిగలాలంటే క్లోరిన్ మాత్రలు వాడాలి. ఒక మాత్ర ఎన్ని లీటర్లకో కంపెనీని బట్టి మారుతుంది, అట్ట మీద చూడండి. నీళ్లు మడ్డిగా ఉంటే క్లోరిన్ ఆ మట్టితోనే ఖర్చయిపోతుంది, సూక్ష్మక్రిములకు మిగలదు. అందుకే ముందు పటిక ముక్క తిప్పి, తేరనిచ్చి, నాలుగు మడతల గుడ్డలో వడకట్టి, ఆ తర్వాతే మాత్ర వేయాలి. అరగంట ఆగాక లేశంగా క్లోరిన్ వాసన రావాలి. రాకపోతే ఇంకో మోతాదు వేసి మళ్లీ ఆగాలి. ఇంట్లో ఏడాదిగా మూలనున్న బ్లీచింగ్ పౌడరును తాగేనీటికి నమ్ముకోవద్దు. తేమ తగిలి అందులో క్లోరిన్ ఎంత మిగిలిందో తెలీదు. దాన్ని బాత్‌రూం యాసిడ్‌తో కలిపితే మాత్రం విషవాయువు పుడుతుంది.

ఇక ఎవరూ పట్టించుకోనిది మరుగుదొడ్డి. ఒక్క ఫ్లష్‌కు 6 లీటర్లు, నలుగురూ రోజుకు ఐదేసి సార్లు నొక్కితే 120 లీటర్లు. ఫ్లష్ ట్యాంకు కుళాయి కట్టేసి, బట్టలుతికిన నీళ్లనే రెండు మూడు లీటర్లు ఒక్క ఊపున పోయండి. డ్రైనేజీ ఎదురు తన్నితే మూతున్న బకెట్, లోపల మందపాటి కవరు, ప్రతిసారీ పైన రెండు గుప్పెళ్ల బూడిదో ఊకో వేయడమే గతి.

తిండి సులువు. పెద్దవాళ్లకు రోజుకు 400 గ్రాముల బియ్యం లెక్కన 22.4 కేజీలు, అంటే 26 కేజీల బస్తా ఒకటి, కందిపప్పు, పెసరపప్పు కలిపి నాలుగున్నర కేజీలు, నూనె 2 లీటర్లు, ఉప్పు, చింతపండు, ఆవకాయ. దానికి తోడు పొయ్యి వెలిగించక్కర్లేనివి: అటుకులు 3 కేజీలు, పుట్నాలు, వేయించిన పల్లీలు, బెల్లం. వరదలో పొయ్యి కూడా మునగొచ్చు, కింది అంతస్తు వాళ్లు ఈ మూటను అటక మీదే ఉంచాలి. పప్పు గంట నానబెట్టి కుక్కర్లో పెడితే గ్యాసు బాగా కలిసొస్తుంది. 14.2 కేజీల సిలిండర్ ఒకటి ఎప్పుడూ నిండుగా ఉంటే చాలు. బయటిదేశం సైనికుల రేషన్ ప్యాకెట్లు తెప్పించుకునే సరదా ఉన్నవాళ్ల జోలికి పోం గానీ, ఆ డబ్బుతో రెండు నెలల సరుకులొస్తాయి.

150 ఆంపియర్-అవర్ల ఇన్వర్టర్ బ్యాటరీ చేతికిచ్చేది సుమారు 1200 వాట్-అవర్లు. 75 వాట్ల మామూలు ఫ్యాను ఒక్కటే తిరిగితే 16 గంటలు, కరెంటు తక్కువ తాగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యానైతే 40 గంటలు. ఏమీ తిరక్కపోయినా ఇన్వర్టర్ తానే కొంత తాగుతుంది, పగలు ఆపేయండి. 20,000 ఎంఏహెచ్ పవర్‌బ్యాంకు 5,000 ఎంఏహెచ్ ఫోనును నాలుగుసార్లు నింపదు, వోల్టేజీ మార్పులో పోయేది పోగా రెండున్నరసార్లు నింపుతుంది. బ్యాటరీ సెల్స్‌తో నడిచే రేడియో ఒకటి కొనుక్కోండి. సిగ్నల్ లేకపోతే యూపీఐ లేదు కాబట్టి ఓ అయిదు వేలు పది, ఇరవై, యాభై, వంద నోట్లలో ఉంచుకోండి. అయిదొందల నోటిస్తే కొట్లో చిల్లర దొరకదు.

బీపీ, షుగర్ మందులు నెలకు సరిపడా ఉండాలి. తెరవని ఇన్సులిన్‌కు ఫ్రిజ్ లేనప్పుడు కుండలో కుండ, మధ్యలో తడి ఇసుక పనిచేస్తుంది. ఐసు ముక్కలకు ఆనించి పెట్టొద్దు, గడ్డకడితే ఇన్సులిన్ చెడిపోతుంది.

చివరగా, కరిస్తే ఏంచేయాలి? లాలాజలంతో పాకి, మెదడుకెక్కి, మనిషిని మార్చేసే రోగం కథల్లో కాదు, నిజంగానే ఉంది: రేబిస్. లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. కుక్క కరిచిన చోట సబ్బుతో, ధారగా పోసే నీళ్లతో 15 నిమిషాలు కడగాలి. దానికోసమే ఒక సబ్బు, ఒక క్యాను పక్కన పెట్టండి. పసుపు, కారం, సున్నం పూయొద్దు. మొదటి డోసు రోజును 0గా లెక్కపెట్టి, టీకా చర్మంలోకి ఇస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకిస్తే 14వ రోజు కూడా వేస్తారు. రక్తం కారిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ (రోగాన్ని ఎదిరించే యాంటీబాడీలు నేరుగా ఇచ్చే ఇంజెక్షన్) కూడా అడిగి వేయించుకోవాలి. దారులు మూసుకుపోయి వారం ఆలస్యమైనా, తెరుచుకున్న రోజే ఆసుపత్రికి వెళ్లి మొదటి డోసు వేయించుకోండి.