ఒక నైతిక సూత్రం అన్ని సమాజాలకూ వర్తిస్తుందా? తేల్చుకునే పద్ధతి

పరాయి దేశంలో వ్యాపారం చేసేవారి మధ్య నైతికమైన చిక్కు తలెత్తినప్పుడు తరచుగా రెండు మాటలు వినిపిస్తాయి. ఒకరు "తప్పు ఎక్కడైనా తప్పే" అంటారు. మరొకరు "ఇక్కడి పద్ధతి ఇదే, మనం వచ్చి మార్చేదేముంది" అంటారు. మొదటి మాటలో నిశ్చయం ఉంది, రెండో మాటలో వినయం ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆచరణలో ఈ రెండూ ఆలోచనను అక్కడితో ఆపేయడానికే ఎక్కువగా పనికివస్తున్నాయి. విశ్వజనీనమైన నైతిక సూత్రాలు ఉన్నాయా లేవా అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు వెతకడం మానుకుని, మీ ముందున్న ఒక్క ఆచారాన్ని, ఒక్క చెల్లింపును, ఒక్క ఒప్పందాన్ని తీసుకుని పరీక్షించడం మొదలుపెడితే, ఆ ప్రశ్న అంత అందనిదేమీ కాదని తెలుస్తుంది. ఆ పరీక్షను ఏ వరుసలో చేయవచ్చో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా ప్రశ్నను రెండుగా విడదీయండి

"విశ్వజనీనం" అనే మాటలో రెండు అర్థాలు కలగలిసిపోయాయి. అన్ని సమాజాలూ ఇప్పటికే ఒప్పుకున్నది అనేది ఒక అర్థం; ఎవరు ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా అందరికీ వర్తించేది అనేది మరొకటి. మొదటిది పరిశీలించి తెలుసుకోవలసినది, రెండోది వాదించి నిలబెట్టవలసినది. ఎదుటివారు ఏ అర్థంలో మాట్లాడుతున్నారో తేలకుండా చర్చ సాగితే ఇద్దరూ చెరొక ప్రశ్నకు జవాబు చెప్పుకుంటూ పోతారు.

మొదటి అర్థంలో చూస్తే ఆధారాలకు కొదవ లేదు. ఆలివర్ స్కాట్ కర్రీ, ఆయన సహచరులు 60 సమాజాల గురించి మానవశాస్త్రవేత్తలు రాసిపెట్టిన వివరాలను పరిశీలించి 2019లో తమ ఫలితాలను ప్రచురించారు. బంధువులకు సాయపడడం, తన సమూహానికి తోడుగా నిలవడం, చేసిన మేలుకు బదులు చేయడం, ధైర్యం చూపడం, పై స్థానంలో ఉన్నవారిని మన్నించడం, ఉన్నదాన్ని న్యాయంగా పంచుకోవడం, ఇతరుల సొత్తును ముట్టకపోవడం అనే ఏడు నడవడుల ప్రస్తావన వచ్చిన దాదాపు ప్రతి చోటా వాటిని మంచివిగానే ఎంచారని వారు గుర్తించారు. తనకు అప్రియమైనది ఇతరులకు చేయరాదన్న సూత్రం మహాభారతంలోనూ, కన్ఫ్యూషియస్ బోధల్లోనూ, యూదు గురువు హిల్లెల్ పేరిట నిలిచిన సంప్రదాయంలోనూ దాదాపు ఒకే రూపంలో దొరుకుతుంది.

అయితే ఈ ఆధారాలను చూపి రెండో అర్థాన్ని నిరూపించబోవడం పొరపాటు. బానిసత్వం ఎన్నో ఖండాల్లో శతాబ్దాల తరబడి చట్టం అండతోనే సాగింది. మారిటేనియా దేశం దాన్ని రద్దు చేసింది 1981లో. ఎక్కువ చోట్ల ఉన్నది కనుక న్యాయమేనన్న కొలమానాన్ని పట్టుకుంటే, ఒకప్పుడు బానిసత్వమూ న్యాయమే అయ్యేది. దీనికి ఎదురు పొరపాటు కూడా ఉంది: సమాజాల మధ్య అభిప్రాయభేదం ఉంది కనుక తప్పొప్పులన్నవే లేవనడం. భూమి ఆకారం గురించి కూడా మనుషులు చాలాకాలం భేదపడ్డారు. దానివల్ల భూమికి ఆకారం లేకుండా పోలేదు.

తేడా ఏ మెట్టు మీద ఉందో చూడండి

పర్షియా చక్రవర్తి డేరియస్ గురించి గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ ఒక కథ చెప్పాడు. ఎంత సొమ్ము ఇస్తే చనిపోయిన తండ్రుల శరీరాలను తింటారని చక్రవర్తి గ్రీకులను అడిగితే, ఎంత ఇచ్చినా ఆ పని చేయబోమన్నారు. ఆ ఆచారమే పాటించే కలాతీయులనే భారతీయ తెగవారిని పిలిపించి, ఎంత ఇస్తే తండ్రుల శరీరాలను దహనం చేస్తారని అడిగితే, వారు అంత ఘోరమైన మాట నోట రానీయవద్దని కేకలు పెట్టారట. ఆచారమే అందరికీ రాజు అని హెరోడోటస్ దీనినుంచి తేల్చాడు. నాకు మాత్రం ఈ కథ అందుకు ఎదురుగానే సాక్ష్యం చెబుతున్నట్టు కనిపిస్తుంది. ఎందుకంటే తండ్రి దేహాన్ని అవమానించడానికి ఎంత సొమ్ముకైనా ఒప్పుకోకూడదన్న విషయంలో ఆ రెండు జాతుల మధ్య అణువంత తేడా లేదు. తేడా ఉన్నదల్లా దేన్ని గౌరవంగా ఎంచాలన్న దగ్గర.

అందువల్ల ఒక ఆచారం వింతగా అనిపించినప్పుడు, తేడా విలువలోనే ఉందా, ఆ విలువను ఆచరించే రూపంలో ఉందా, పరిస్థితుల్లో ఉందా, లేక లోకం గురించిన నమ్మకంలో ఉందా అని వేరువేరుగా అడగండి. చాలా సందర్భాల్లో విలువ ఒక్కటే అయి మిగిలినవే వేరుగా ఉంటాయి. అయితే ఈ మెట్లు ఎక్కేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. మరీ పైకి వెళితే "మంచి చేయాలి, చెడు చేయకూడదు" అన్న చోటికి చేరతాం. అక్కడ ఎవరికీ తగాదా ఉండదు, ఎవరికీ దారి కూడా దొరకదు. ఏ ఒక్క పనినీ నిషేధించని సూత్రాన్ని విశ్వజనీనమని ఒప్పుకున్నా ఒరిగేదేమీ లేదు.

విలువ ఒకటే అయినా దాని మోతాదు మారుతుందని కూడా గుర్తుంచుకోవాలి. మానవశాస్త్రవేత్త జోసెఫ్ హెన్రిక్, ఆయన సహచరులు 15 చిన్న సమాజాల్లో ఒక పంపకపు ఆట ఆడించారు. ఒకరికి కొంత సొమ్ము ఇచ్చి, అందులో ఎంత భాగాన్నైనా రెండోవారికి ఇవ్వజూపమంటారు. రెండోవారు కాదంటే ఇద్దరికీ ఏమీ మిగలదు. పెరూలోని మాచిగెంగా ప్రజలు సగటున నాలుగోవంతు చొప్పున ఇవ్వజూపితే, ఇండోనేషియాలో కలిసికట్టుగా తిమింగలాలను వేటాడే లమలేరా ప్రజలు సగం కన్నా ఎక్కువే ఇవ్వజూపారు. అయితే ఆ 15 సమాజాల్లో ఏ ఒక్కదానిలోనూ జనం కేవలం స్వార్థంతో లెక్క వేసుకునే మనుషుల్లా ప్రవర్తించలేదు. న్యాయంగా పంచుకోవాలన్న భావం అంతటా ఉంది. ఎంత ఇస్తే న్యాయమన్నది రోజువారీ జీవితంలో ఒకరి మీద ఒకరు ఎంతగా ఆధారపడతారన్న దాన్నిబట్టి మారింది.

సంస్కృతి పేరిట మాట్లాడుతున్నది ఎవరో అడగండి

ఈ ప్రశ్నను చాలామంది వదిలేస్తారు, కానీ నా దృష్టిలో అన్నిటికన్నా పనికివచ్చేది ఇదే. 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘం, ఐక్యరాజ్యసమితి తేనున్న మానవ హక్కుల ప్రకటన పాశ్చాత్య విలువలను లోకం మీద రుద్దకూడదని హెచ్చరిస్తూ ఒక ప్రకటన వెలువరించింది. ఆ అనుమానం నిరాధారం కాదు. ఆ హక్కుల ప్రకటన 1948లో ఓటుకు వచ్చేనాటికి ఐక్యరాజ్యసమితిలో ఉన్నవి 58 దేశాలే, ఆసియా ఆఫ్రికాల్లో చాలా భాగం ఇంకా పరపాలనలోనే ఉంది. అయినా ఆ హక్కుల ప్రకటనను రూపొందించిన వారిలో చైనాకు చెందిన పి.సి. చాంగ్, లెబనాన్‌కు చెందిన చార్లెస్ మాలిక్ ఉన్నారు. మొదటి అధికరణంలో పురుషులందరూ అనే అర్థమిచ్చే మాటను మానవులందరూ అని మార్పించినది భారత ప్రతినిధి హంసా మెహతా. 1948 డిసెంబరు 10న 48 దేశాలు అనుకూలంగా ఓటు వేశాయి; వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు, 8 దేశాలు తటస్థంగా ఉన్నాయి.

ఆ 8 దేశాల్లో దక్షిణాఫ్రికా ఒకటి. జాతి వివక్షను ప్రభుత్వ విధానంగా మార్చిన పార్టీ అక్కడ అధికారానికి వచ్చింది ఆ ఏడాదే. "మా దేశపు విలువలు వేరు" అన్న మాటను అక్కడి నల్లజాతి ప్రజలు అనలేదు, వారిని అణచి ఉంచినవారే అన్నారు. కాబట్టి మీకు ఎవరైనా స్థానిక ఆచారాన్ని కారణంగా చూపినప్పుడు, ఆ ఆచారం వల్ల లాభపడేవారు మాట్లాడుతున్నారా, దాని భారం మోసేవారు మాట్లాడుతున్నారా అని చూడండి. భారం మోసేవారికి నోరు విప్పే అవకాశం, కాదనే స్వేచ్ఛ ఉండీ వారు ఆ ఆచారాన్ని సమర్థిస్తే, బయటివారు మరింత నమ్రతగా ఉండవలసిందే.

వ్యాపారంలో ఈ పరీక్ష ఎలా పనిచేస్తుంది

లంచంతో మొదలుపెడదాం, ఎందుకంటే సంస్కృతి అనే ముసుగును అది వేసుకున్నంతగా మరేదీ వేసుకోలేదు. బహుమతులు ఇచ్చిపుచ్చుకునే సమాజాల్లో లంచాన్ని తప్పుగా చూడరని కొందరు వాదిస్తారు. అలాంటప్పుడు దాపరికాన్ని గమనించండి: బహుమతిని అందరి ఎదుట ఇస్తారు, లంచాన్ని లెక్కల పుస్తకంలో మరో పేరుతో రాస్తారు. జర్మనీ చరిత్ర ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. సొంత అధికారికి లంచమివ్వడం అక్కడ నేరంగా ఉన్న కాలంలోనే, విదేశీ అధికారికి ఇచ్చిన లంచాన్ని 1990వ దశకం చివరి వరకూ వ్యాపార ఖర్చుగా చూపి పన్ను తగ్గించుకోగలిగేవారు. ఇచ్చేవారూ వారే, విలువలూ అవే; మధ్యలో మారినది సరిహద్దు ఒక్కటే. దీన్ని సంస్కృతుల భేదం అనలేం. అమెరికా 1977లోనే విదేశీ అధికారులకు లంచమివ్వడాన్ని నేరం చేసింది. అభివృద్ధి చెందిన దేశాల కూటమి ఒప్పందం 1997లోనూ, ఐక్యరాజ్యసమితి ఒప్పందం 2003లోనూ వచ్చాయి.

అయితే అంచుల దగ్గర స్పష్టత తగ్గుతుంది. చట్టప్రకారం ఎలాగూ జరగవలసిన పనిని త్వరగా చేయించుకోవడానికి ఇచ్చే చిన్న మొత్తాలను అమెరికా చట్టం మినహాయించింది. బ్రిటన్ 2010లో తెచ్చిన చట్టం మినహాయించలేదు. అలాంటి చోట మీ సంస్థ కఠినమైన నియమాన్నే ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. ఎందుకంటే చిన్న మొత్తానికీ పెద్ద మొత్తానికీ మధ్య గీత గీసే పని చివరికి సంస్థలో అందరికన్నా కింది ఉద్యోగి మీద పడుతుంది.

వ్యాపార నీతిశాస్త్ర పండితులు థామస్ డొనాల్డ్‌సన్, థామస్ డన్‌ఫీ 1994లో ప్రతిపాదించిన సిద్ధాంతం ఇక్కడ అక్కరకు వస్తుంది. ఎవరూ దాటకూడని కొన్ని మూల నియమాలు ఉంటాయనీ, వాటికి లోబడి ప్రతి సమాజానికీ తన నియమాలను తానే ఏర్పరచుకునే స్వేచ్ఛ ఉంటుందనీ వారు అన్నారు. బాలల శ్రమ విషయంలో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసినది దాదాపు ఇదే. 1973 నాటి ఒప్పందం పనికి కనీస వయసు 15 ఏళ్లని చెబుతూ, ఆర్థికంగా వెనుకబడిన దేశాలు మొదట 14 ఏళ్లతో ప్రారంభించడానికి వీలిచ్చింది. 1999 నాటి మరో ఒప్పందం మాత్రం వెట్టి, వ్యభిచారం, పిల్లలను ప్రమాదంలోకి నెట్టే పనుల వంటి ఘోరమైన రూపాలకు ఏ సడలింపూ ఇవ్వలేదు. 2020 నాటికి ఆ సంస్థలోని 187 సభ్యదేశాలూ దాన్ని ఆమోదించాయి. నేల ఒక్కటే, దాని మీద కట్టే గోడల ఎత్తు వేరు.

తేడా పేదరికం వల్ల వచ్చినదైతే, మన దేశమూ అదే ఆర్థిక స్థితిలో ఉంటే ఈ పద్ధతిని ఒప్పుకునేవాళ్లమా అని డొనాల్డ్‌సన్ సూచించినట్టు అడగండి. తక్కువ వేతనం కొన్నిసార్లు ఈ ప్రశ్నకు తట్టుకోవచ్చు; కూలిపోయే కట్టడం ఎన్నటికీ తట్టుకోదు. బంగ్లాదేశ్‌లోని రాణా ప్లాజా అనే భవనం గోడలు బీటలు వారిన మరునాడు, అంటే 2013 ఏప్రిల్ 24న, అందులోని బ్యాంకు తన ఉద్యోగులను రానివ్వలేదు, బట్టల కర్మాగారాలు మాత్రం కార్మికులను లోపలికి పంపాయి. ఆ రోజే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. ప్రాణం విలువ గురించి ఆ కట్టడంలో రెండు సంస్కృతులు లేవు.

బంధువులకు ఉద్యోగాలివ్వడం, రాతపూర్వక ఒప్పందం కన్నా పరిచయానికి ఎక్కువ బరువివ్వడం వంటివి చాలావరకు స్థానిక స్వేచ్ఛ పరిధిలోకే వస్తాయి. వాటివల్ల మూడో వ్యక్తికి అన్యాయం జరగడం లేదని రూఢి చేసుకుంటే చాలు. అంతకు మించి వాదనకు దిగనవసరం లేదు.

చివరగా, తీసుకున్న నిర్ణయాన్ని రాసిపెట్టండి. ఏ మూల నియమాన్ని ఆధారం చేసుకున్నారో, ఎవరెవరి మాట విన్నారో, ఏ వాస్తవం తప్పని తేలితే నిర్ణయం మార్చుకుంటారో అందులో ఉండాలి. ఆ రాతను అమలుకు ముందే, దాని భారం మోయబోయేవారికి వారి భాషలో చదివి వినిపించి, వారు చెప్పిన అభ్యంతరాలను కూడా దానికి జతచేయండి.