సూపర్‌హీరో జాంబీ బొమ్మలు, 4వ పాఠం: నోరు, పళ్ళు, దవడ

పోయిన పాఠం చివర స్పైడర్‌మాన్‌ని జాంబీగా, అంటే లేచి తిరిగే శవంగా, గీయమన్నాను కదా. మీరు పంపిన వాటిలో చాలా బొమ్మల్లో డ్రెస్ మొత్తం చింపేశారు, ఛాతీ మీద సాలీడు గుర్తు లేదు, ముసుగు లేదు, ఒళ్ళంతా నెత్తురే. కింద పేరు చదివితే గానీ అది స్పైడర్‌మాన్ అని తెలియడం లేదు. పాడు చేయండి అన్నాను గానీ ఏది పాడు చేయకూడదో చెప్పలేదు, ఆ లోపం నాది. అందుకే ఈసారి చెప్పాలనుకున్న చేతుల పాఠం పక్కన పెట్టి, ముందు ఆ సంగతి, తర్వాత నోటి సంగతి చెబుతాను.

పెన్సిల్ పట్టే ముందు, ఆ హీరోని దూరం నుంచి కూడా గుర్తుపట్టించేవి రెండు రాసుకోండి. వాటి జోలికి వెళ్ళొద్దు, మిగతాది ఎంత కుళ్ళినా ఫర్వాలేదు. స్పైడర్‌మాన్‌కి అవి ముసుగు మీది పెద్ద తెల్ల కళ్ళు, సాలెగూడు గీతలు. 2005 చివర్లో మొదలైన ‘మార్వెల్ జాంబీస్’ కామిక్ అయిదు సంచికలకి రచన రాబర్ట్ కిర్క్‌మన్, లోపలి బొమ్మలు షాన్ ఫిలిప్స్, అట్టలు ఆర్థర్ సూడమ్. మొదటి సంచిక అట్ట చూడండి. స్పైడర్‌మాన్ తొలిసారి కనిపించిన 1962 నాటి ‘అమేజింగ్ ఫాంటసీ’ కామిక్ అట్టనే సూడమ్ శవంగా మళ్ళీ వేశాడు. గాల్లో ఊగే ఆ భంగిమ అలాగే ఉంది కాబట్టి ముఖం అంత పాడైనా ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. ఆ కథలో కెప్టెన్ అమెరికాని కర్నల్ అమెరికా అంటారు, తల పైభాగం లేచిపోయి మెదడు బయటికి కనిపిస్తుంది, అయినా ఆ డ్రెస్ చూడగానే అతనే అని తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, కోరలు. దయచేసి కోరలు గీయకండి! ప్రతిసారీ ఇదే తప్పు, చూస్తే నిజంగా బాధేస్తుంది. కోరలు రాక్షసుడికి, రక్తపిశాచికి. జాంబీ అంటే చచ్చిన మనిషి, బతికున్నప్పుడు ఏ పళ్ళున్నాయో చచ్చాకా అవే ఉంటాయి, కొత్తగా మొలవవు. మరి చూడగానే ఎందుకు భయమేస్తుందంటే, పెదవి ఎండి పైకి ముడుచుకుపోతుంది, చిగురు వెనక్కి జారుతుంది, దాంతో ఇన్నాళ్ళూ లోపల దాగిన పంటి మొదలు బయటపడి అదే పన్ను పొడుగ్గా కనిపిస్తుంది. అద్దం ముందు నిలబడి రెండు వేళ్ళతో పై పెదవిని ముక్కు వైపు లాగి చూడండి. చిగురు దగ్గర పన్ను సన్నగా ఉండి, కొరికే అంచు దగ్గర వెడల్పవుతుంది. చిగుళ్ళు జారిన నోట్లో పళ్ళ మధ్య చిన్న నల్ల సందులు పడేది ఆ పైభాగంలోనే. కాబట్టి గీత చిగురు దగ్గర మొదలుపెట్టి సగంలో వదిలేయండి, కింద అంచు దాకా లాగొద్దు. పన్ను పన్నుకీ చుట్టూ గీత గీస్తే అది నోరులా ఉండదు, హార్మోనియం మెట్లలా ఉంటుంది.

చెంప ఊడిపోతే దవడపళ్ళు కూడా కనపడాలి, వెనక్కి వెళ్ళేకొద్దీ ముదురు నలుపు చేయండి. చెవికి కాస్త ముందు వేలు పెట్టుకుని నోరు తెరిచి మూయండి, అక్కడ కదిలేదే దవడ కీలు. దవడ వేలాడినా అక్కడి నుంచే వేలాడాలి. ముసుగు ముక్కు కింది నుంచి చింపండి, గుడ్డ అంచుకి మందం ఇవ్వండి, దాని కింద సన్నటి నీడ, ఆ తర్వాత చర్మం.

నోటి మీద ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ‘మార్వెల్ జాంబీస్’లోని జాంబీలు బుద్ధి పోయిన శవాలు కావు, మన బేతాళుడిలా చక్కగా మాట్లాడతాయి. ఆకలి మీదున్నప్పుడు ఎవరినైనా తినేస్తాయి, కడుపు నిండాక తెలివి తిరిగొస్తుంది. అప్పుడు స్పైడర్‌మాన్ భార్య మేరీ జేన్‌నీ, తనని పెంచిన మే పెద్దమ్మనీ తానే తిన్నానని తలుచుకుని కుమిలిపోతాడు. ముసుగు కళ్ళు ఏడవలేవు. కిందికి వంచడానికి పెదవి చివరలు కూడా లేవు. ఆ దుఃఖమంతా దవడ ఎంత తెరుచుకుందో, తల ఎటు వాలిందో, వాటిలోనే పలకాలి. నాకు ఈ కథ ఇష్టమైందే ఆ ఒక్క దుఃఖం వల్ల.

ఇంకోటి, శవం ఎలా లేచిందో తెలుసుకుని గీయండి. మార్వెల్ కథలో కాటు వల్ల మారతారు కాబట్టి గాయం పచ్చిగా ఉండాలి. డీసీ కామిక్స్ వాళ్ళ ‘బ్లాకెస్ట్ నైట్’ (2009) కథలో నల్ల ఉంగరాలు చనిపోయిన వాళ్ళని లేపుతాయి, అక్కడ పాత శవాలు, ఎండిన చర్మం కావాలి.

నేనైతే నల్ల బాల్‌పెన్, చిగురు మీద తడి మెరుపుకి వైట్‌నర్ చుక్క, అంతే వాడతాను. ఎరుపు అసలు ముట్టుకోను. ఎరుపు చేతిలో ఉంటే గీత రాని చోటల్లా నెత్తురు పూసేయాలనిపిస్తుంది.

అభ్యాసం: చిరిగిన ముసుగుతో స్పైడర్‌మాన్ తల ఒక్కటే, పన్నెండు సార్లు. మొదటి ఆరు ఆకలితో, తర్వాతి ఆరు తిన్నాక. నెత్తురు చుక్క ఉండకూడదు, కళ్ళు పన్నెండింటిలోనూ ఒకేలా ఉండాలి. ఏవి ఆకలివో, ఏవి తిన్నాకవో ఇంట్లో ఎవరినైనా విడదీయమనండి. విడదీయలేకపోతే దవడలు మాత్రం మళ్ళీ గీయండి.