సాక్ష్యాన్ని ఫొటో తీయడం: వరుస, స్కేలు, పక్కనుంచి పడే వెలుతురు

ఫోరెన్సిక్ ఫొటోగ్రఫీ, అంటే నేరం జరిగిన చోట సాక్ష్యాల్ని ఫొటో తీయడం, నేర్చుకుందామనుకునే చాలామంది మొదట అడిగేది ఏ కెమెరా కొనాలి అని. మాన్యువల్ మోడ్ ఉన్న డీఎస్‌ఎల్‌ఆర్ గానీ మిర్రర్‌లెస్ గానీ ఏదున్నా సరిపోతుంది. మిగిలిన డబ్బుతో ఒక గట్టి ట్రైపాడ్, కెమెరా నుంచి విడదీసి చేత్తో పట్టుకోగలిగే ఫ్లాష్, ఒక మంచి స్కేలు తీసుకోండి. ఇక్కడ ఫొటో అందంగా ఉందా అని ఎవరూ చూడరు. ఆ గదిలో ఎప్పుడూ అడుగుపెట్టని మనిషి, ఏడాదికో ఐదేళ్లకో మీ ఫొటో ముందు పెట్టుకుని, ఈ వస్తువు ఎక్కడుంది, ఎంత సైజుంది, ఆ రోజు ఏ స్థితిలో ఉంది అని అడుగుతాడు. పక్కన నిలబడి వివరించడానికి మీరు ఉండకపోవచ్చు, జవాబు ఫొటోలోనే దొరకాలి.

అందుకని ఏదీ ముట్టుకోకముందే, నంబర్ మార్కర్లు పెట్టకముందే మొదలుపెట్టండి. మొదటి ఫ్రేమ్‌లో ఒక కార్డు: కేసు నంబరు, తేదీ, సమయం, తీస్తున్నవాళ్ల పేరు. తర్వాత గది మొత్తం, నాలుగు మూలల నుంచీ, నిలబడిన మనిషి కంటి ఎత్తులో, ఒక ఫొటో అంచు పక్క ఫొటోలో కొంత కలిసేలా. మీ బ్యాగు, తోటివాళ్ల కాళ్లు ఫ్రేమ్‌లోకి రాకుండా చూసుకోండి. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కెమెరా అయితే 50 ఎంఎం, క్రాప్ (అంతకన్నా చిన్న) సెన్సర్ అయితే 35 ఎంఎం చుట్టుపక్కల లెన్స్ మంచిది. బాగా వైడ్ లెన్స్ వాడితే ఇరుకు గది కూడా హాలులా కనిపిస్తుంది. గది మరీ చిన్నదై వైడ్ తప్పకపోతే తీయండి గానీ, ఆ మాట లాగ్‌లో, అంటే ఫొటోల వివరాలు రాసుకునే పుస్తకంలో, రాసిపెట్టండి.

గది తర్వాత మధ్య దూరం, ఆ తర్వాత క్లోజప్. కొత్తవాళ్లు వదిలేసేది ఎక్కువగా ఈ మధ్య దూరం ఫొటోనే, అది లేకపోతే మిగతా రెండూ తెగిపోతాయి. తలుపు దగ్గర నేల మీద కత్తి పడి ఉందనుకోండి. క్లోజప్‌లో పిడి మీద మరక దాకా కనిపిస్తుంది, గది ఫొటోలో అదే కత్తి ఒక సన్నటి గీత. ఆ గీతా ఈ కత్తీ ఒకటే అని చూపించేది మధ్య ఫొటో. అందులో కత్తితో పాటు కదలని వస్తువు ఒకటి ఉండాలి, గుమ్మమో కిటికీ చట్రమో. మీరు గుమ్మానికీ కత్తికీ సమాన దూరంలో, రెండింటినీ కలిపే గీతకు ఎదురుగా నిలబడి తీయండి. గుమ్మం వెనక నుంచో కత్తి వెనక నుంచో తీస్తే ఆ రెండింటి మధ్య దూరం కుంచించుకుపోయి కనిపిస్తుంది.

క్లోజప్ రెండుసార్లు తీయాలి, స్కేలు లేకుండా ఒకటి, స్కేలుతో ఒకటి. స్కేలు లేని ఫొటో లేకపోతే, స్కేలు కింద ఏముండేది అని అడిగినప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ ఉండదు. ఫొటోలోనే కొలత ఉండాలన్న ఆలోచన పాతదే. వందేళ్లకు పైగా కిందటే పారిస్ పోలీసు శాఖలో అల్ఫోన్స్ బెర్టియాన్ ఘటనా స్థలాల ఫొటోలు కొలతల గీతలతో తీయించాడు. ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎల్ ఆకారంలో ఉండే ఏబీఎఫ్‌ఓ (అమెరికాలోని ఫోరెన్సిక్ దంతవైద్యుల బోర్డు) నంబర్ 2 స్కేలు. దాని మీద గుండ్రటి గుర్తులుంటాయి, ఫొటోలో అవి కోడిగుడ్డులా సాగి కనిపిస్తే కెమెరా వంగి ఉందని అర్థం, మళ్లీ తీయాల్సిందే.

సెట్టింగుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు స్పందించే స్థాయి) 100 లేదా 200, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ట్రైపాడ్ ఉంది కాబట్టి షట్టర్ ఎంత నెమ్మదైనా పర్వాలేదు. ఫైలు రా ఫార్మాట్‌లో, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచుకునే రూపంలో. ఫోనుతో ప్రాక్టీసు చేయొచ్చు గానీ నిజమైన పనికి దాన్ని నమ్ముకోవద్దని నా అభిప్రాయం, ఎందుకంటే చాలా ఫోన్లు మనల్ని అడగకుండానే నాయిస్ (ఫొటోలో ఇసుకలా కనిపించే చుక్కలు) తుడిచేసి అంచులు పదును చేసేస్తాయి. సన్నటి గీత మీద నిలబడే సాక్ష్యంలో ఆ గీత వస్తువు మీదిదా, సాఫ్ట్‌వేర్ గీసిందా అన్న అనుమానం రాకూడదు.

ఎక్కువ రోజులు కూర్చోవాల్సింది బూటు అచ్చు దగ్గర. ఒక వెడల్పాటి ట్రేలో తడిమట్టి పరిచి చదును చేసి, బూటుతో ఒక్క అడుగు వేయండి. కెమెరాను ట్రైపాడ్‌కి బిగించి, సరిగ్గా అచ్చు మీద నుంచి లెన్స్ నిటారుగా కిందికి చూసేలా పెట్టండి. ముందు గది లైటుతో ఒకటి తీయండి, అచ్చు చప్పగా, గోధుమరంగు మచ్చలా వస్తుంది. ఇప్పుడు ఫ్లాష్‌ని పక్కనుంచి, నేలకు బాగా దగ్గరగా దించి వెయ్యండి. అడుగున ఉన్న గళ్లు ఒక్కొక్కటీ నీడతో లేచి నిలబడతాయి, మడమ దగ్గర సన్నటి కోత, రాయి ఇరుక్కున్న చోట చిన్న గుంట, అన్నీ బయటపడతాయి. అదే డిజైన్ బూట్లు ఎంతమంది దగ్గరైనా ఉండొచ్చు, నిపుణులు వెతికేది ఇలాంటి కోతలూ గుంటల కోసమే.

వెలుతురు ఒక్క వైపు నుంచే వేస్తే సరిపోదు, ఎందుకంటే ఆ వెలుతురు వచ్చే దిశలోనే సాగే గీతలకు నీడ పడదు. కెమెరా అంగుళం కూడా కదపకుండా, ఫ్లాష్‌ని మాత్రం తిప్పుతూ కనీసం నాలుగు దిక్కుల నుంచీ తీయండి. అచ్చు పైపైన ఉంటే ఫ్లాష్ ఇంకా కిందికి, లోతుగా ఉంటే కాస్త పైకి. ఫ్లాష్‌ని మీటరు పైనే దూరంగా పట్టుకోండి, మరీ దగ్గర పెడితే ఈ అంచు తెల్లబోయి ఆ అంచు చీకటైపోతుంది (దూరం రెట్టింపైతే పడే వెలుతురు నాలుగో వంతే). ఎండలో తీస్తుంటే అచ్చు మీద పెద్ద అట్టతో నీడ పట్టండి, లేకపోతే మీ ఫ్లాష్ వేసిన నీడల్ని ఎండ మింగేస్తుంది.

స్కేలు పెట్టే చోట నేను చాలా రోజులు తప్పు చేశాను. అచ్చు పక్కన, మట్టి పైనే పెట్టేవాణ్ని. ఒకసారి ప్రాక్టీసు ఫొటోలో కొలిచి చూస్తే 30 సెంటీమీటర్ల బూటు 29 వచ్చింది, కెమెరాను అనుమానించాను, లెన్స్‌ని అనుమానించాను. కారణం చాలా మామూలుది: కెమెరా నుంచి స్కేలు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంది, అచ్చు అడుగు ఇంకో 2 సెంటీమీటర్లు లోతుంది. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది, అంతే. కానీ బూటు ఒక సైజుకీ తర్వాతి సైజుకీ తేడా సెంటీమీటరు కూడా ఉండదు, అంటే ఆ ఫొటో ఒక సైజు పైనే తప్పు చెబుతోంది. అప్పటినుంచి అచ్చు పాడవకుండా కొంచెం ఎడంగా చిన్న గాడి తవ్వి, స్కేలు అచ్చు అడుగుతో సమానమైన లోతులో ఉండేలా పెడుతున్నాను.

వేలిముద్రలకు అంగుళానికి 1000 పిక్సెల్స్ ఉండాలన్నది స్థిరపడిన లెక్క. మీ కెమెరా 24 మెగాపిక్సెల్ అయితే, అంటే 6000 బై 4000, ఫ్రేమ్‌లోకి 6 బై 4 అంగుళాల కన్నా ఎక్కువ జాగా రాకూడదు. బాగా దగ్గర నుంచి తీయగలిగే మ్యాక్రో లెన్స్ కావాల్సింది ఇక్కడే.

రక్తం గురించి ఒక అపోహ ఉంది, నీలం లైటు వేస్తే అది మెరుస్తుందని. మెరవదు, వెలుతురును పీల్చుకుని ఇంకా నల్లగా కనిపిస్తుంది. మెరిసేది లూమినాల్ అనే రసాయనం చల్లినప్పుడు, అదీ మసకగా, కొద్దిసేపే. కాబట్టి చల్లకముందే కెమెరా బిగించి, ఫోకస్ చేసి, దాన్ని మాన్యువల్‌కి మార్చి లాక్ చేసి, చీకట్లో 30 సెకన్ల లాంటి ఎక్స్‌పోజర్‌తో సిద్ధంగా ఉండాలి. చల్లాక ఫోకస్ వెతుక్కుంటూ కూర్చుంటే ఆ టెన్షన్‌లోనే వెలుగు ఆరిపోతుంది.

ఒక్క ఫొటో కూడా డిలీట్ చేయొద్దు, కదిలిపోయిందైనా, పొరపాటున నొక్కిందైనా. వరుస నంబర్లలో ఒకటి లేకపోతే అందులో ఏం దాచారన్న ప్రశ్న వస్తుంది, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. ప్రతి ఫొటోకీ లాగ్‌లో నంబరు, సమయం, ఏ దిక్కు చూస్తూ తీశారు, అందులో ఏముంది అన్నది అక్కడికక్కడే రాయండి. మెమరీ కార్డు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించగానే ఫైళ్లకు ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (ఫైలు కాస్త మారినా మారిపోయే కోడ్) తీసిపెట్టుకుని, అసలు ఫైళ్లను పక్కన పెట్టి, వెలుతురు సరిచేయడం లాంటివి ఏమైనా ఉంటే కాపీ మీదే చేయండి.

ప్రాక్టీసుకి ఒక గది చాలు. నేల మీద ఐదు వస్తువులు పడేసి, ఇక్కడ చెప్పినట్టు మొత్తం తీసి, ఆ గదిని చూడని స్నేహితుడికి ఫొటోలు, లాగ్ మాత్రమే ఇచ్చి గది ప్లాన్ గీయమనండి, ఏ వస్తువు ఎక్కడుందో కొలతలతో సహా. మీరు ఏమీ చెప్పకూడదు. అతను పెన్సిల్ ఆపి బుర్ర గోక్కున్న ప్రతిచోటా మీరు తీయని ఫొటో ఒకటుంది, దాన్ని రాసుకుని మర్నాడు వస్తువుల చోట్లు మార్చి మళ్లీ మొదలుపెట్టండి.