రాత్రి దగ్గు నెలల తరబడి తగ్గట్లేదా? ఈస్నోఫీలియా రిపోర్ట్ ఒకసారి సరిగ్గా చూడండి

ఈస్నోఫీలియా అంటే రక్తంలో ఈసినోఫిల్స్ అనే ఒక రకం తెల్లకణాలు పెరగడం. మన దగ్గర తుమ్మొచ్చినా ఈస్నోఫీలియానే, ఆయాసమొచ్చినా ఈస్నోఫీలియానే, చాలావరకు మామూలు ఎలర్జీలే అవి. నేను చెప్పేది ట్రాపికల్ పల్మనరీ ఈసినోఫీలియా గురించి. ఫైలేరియా, అంటే బోదకాలు తెచ్చే పురుగు, దాని పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుని, వాటిమీద ఒళ్ళు అతిగా రియాక్ట్ అయితే వస్తుంది. ఫైలేరియా ఉన్నవాళ్ళలో కూడా నూటికి ఒక్కరికి రాదు, అందుకే వెంటనే ఎవరికీ తట్టదు, ఆస్తమా అని ఇన్‌హేలర్ ఇస్తారు లేదా ఎక్స్‌రేలో చుక్కలు చూసి టీబీ అంటారు. 1940లోనే మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం టీబీ శానిటోరియం డాక్టర్లు, టీబీలా కనిపిస్తుంది కానీ టీబీ కాదు అని దీని గురించి రాశారు, ఇప్పటికీ అదే కన్ఫ్యూజన్!

అర్ధరాత్రి దాటాక పొడిదగ్గు, పిల్లికూతలు, సన్నజ్వరం, బరువు తగ్గడం ఉంటే సీబీపీ (రక్తకణాలు లెక్కించే పరీక్ష) చేయించండి. రిపోర్ట్‌లో ఈసినోఫిల్స్ పర్సెంటేజ్ ఒక్కటే చూసి వదిలేయకండి, యాబ్సొల్యూట్ కౌంట్, అంటే అవి మొత్తం ఎన్ని ఉన్నాయో ఆ లెక్క ముఖ్యం. తెల్లకణాలు 8,000, అందులో ఈసినోఫిల్స్ 8 శాతం అంటే 640, ఇది ఎలర్జీకీ వస్తుంది. అదే 18,000లో 40 శాతం అంటే 7,200. 3,000 దాటితే డాక్టర్‌ని ఐజీఈ (ఎలర్జీల్లోనూ పురుగులకీ పెరిగే యాంటీబాడీ), ఫైలేరియా యాంటీబాడీ టెస్టుల గురించి అడగండి. రాత్రి తీసిన రక్తంలో పురుగు కనపడలేదని ఇది కాదనుకోవద్దు, ఈ జబ్బులో మామూలుగా కనపడదు, కాళ్ళు వాయాలని కూడా లేదు.

మలపరీక్ష మాత్రం వదలొద్దు, ఎందుకంటే వేరే పురుగులకీ కౌంట్ పెరుగుతుంది, వాటిలో స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు ఉండగా స్టెరాయిడ్ వేస్తే ప్రాణం మీదకొస్తుంది. పైగా స్టెరాయిడ్‌తో కౌంట్ పడిపోయి అసలు జబ్బు దాక్కుంటుంది, అందుకే దగ్గు తగ్గట్లేదని మెడికల్ షాపులో ఆ మాత్రలు కొనుక్కోవడం మహా చెడ్డ అలవాటు.

మందు డీఈసీ (డైఇథైల్‌కార్బమజీన్), కిలోకి రోజుకి 6 మిల్లీగ్రాముల లెక్కన మూడు వారాలు, 60 కిలోలుంటే రోజుకి 360 మిల్లీగ్రాములు, దాన్ని మూడు పూటలకి పంచి రాస్తారు. ఏడాదికోసారి ఇంటింటికీ ఇచ్చే బోదకాలు మాత్రలు దీనికి సరిపోవు. గర్భిణులు వాడకూడదు. చాలామందికి త్వరగానే తేలికపడుతుంది, అక్కడితో ఆపేయకండి, కోర్సు పూర్తయ్యాక కూడా తిరగబెట్టొచ్చు, కౌంట్ మళ్ళీ చూపించుకోవాలి. వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఆ తర్వాత మందుకి తగ్గదు.

అమెరికాలో ఉన్నవాళ్ళు చిన్నప్పుడు ఎక్కడ పెరిగారో డాక్టర్‌కి మీరే చెప్పండి. అక్కడ డీఈసీ షాపుల్లో దొరకదు, డాక్టరే సీడీసీ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ) ద్వారా తెప్పించాలి.