బోల్తానా, బురిడీనా? ఏది ఎక్కడ వాడాలి

ఎదుటివాణ్ణి బలంతో కాకుండా తెలివితో ఓడిస్తే తెలుగులో ఏమనాలి అని పిల్లలు అడుగుతుంటారు. ఒక్క మాట చెప్పి ఊరుకోకండి. మనకి నాలుగైదు మాటలున్నాయి, ఒకదాని బదులు ఇంకోటి పడితే గెలిచినవాడు కాస్తా దొంగైపోతాడు.

ముందు నేర్చుకోవాల్సింది బోల్తా కొట్టించడం. బోల్తా అంటే తలకిందులు కావడం, 'లారీ బోల్తా' అని పేపర్లో చూస్తూనే ఉంటాం కదా. అలా మనిషిని యుక్తితో పడేస్తే 'వాణ్ణి బోల్తా కొట్టించాడు', పడినవాడి గురించి చెప్పాలంటే 'బోల్తా పడ్డాడు'. మన గుంటూరు పక్కనే ఉన్న తెనాలి పేరు మోసిన రామకృష్ణుడి కథే చూడండి. పెరట్లో దొంగలు నక్కారని పసిగట్టి, నగలన్నీ నూతిలో పడేద్దామని పెళ్లాంతో వాళ్లకి వినపడేలా చెప్పి, రాళ్లు నింపిన పెట్టె దబ్బున నూతిలో వేశాడు. దొంగలు తెల్లవార్లూ నీళ్లు తోడారు, ఆ నీళ్లన్నీ ఆయన మొక్కలకే పారాయి. ఇక్కడ 'దొంగల్ని బోల్తా కొట్టించాడు' అనాలి.

బురిడీ అంటే వేరు. రెండూ ఒకటే అనేవాళ్లున్నారు గానీ నేను ఒప్పుకోను. బురిడీలో మోసం ఉంది, అవతలివాడికి నష్టం ఉంది. మిర్చి టిక్కీలు (బస్తాలు) తెచ్చిన రైతుకి కాటాలో తక్కువ చూపిస్తే, ఫోన్ చేసి ఓటీపీ అడిగి డబ్బులు కాజేస్తే, అది బురిడీ కొట్టించడం. టోపీ పెట్టడమూ దాదాపు అంతే, కాకపోతే 'రైతుని బురిడీ కొట్టించారు' అంటాం, 'రైతుకి టోపీ పెట్టారు' అంటాం. ఈ ని, కి దగ్గరే చాలామంది తడబడతారు.

ఇద్దరూ తెలివైనవాళ్లే అయితే ఎత్తుకు పైఎత్తు. చదరంగానికి ఇంతకంటే సరిపోయే మాట లేదు. మన కోనేరు హంపి 2019లో, మళ్లీ 2024లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. అలాంటి ఆట గురించి రాసేటప్పుడు 'ఎత్తుకు పైఎత్తు వేసింది' అనండి, 'ప్రత్యర్థిని బోల్తా కొట్టించింది' అన్నా బాగానే ఉంటుంది, బురిడీ అని మాత్రం దయచేసి రాయొద్దు.

తలదన్నడం ఈ లెక్కలోకి రాదు. 'తాతని తలదన్నిన మనవడు' అంటే తాతని మించిపోయాడని, అంతేగాని ఆయన్ని ఏమార్చాడని కాదు.