పసిపిల్లల నోటిలో తెల్లపూత మళ్ళీ వస్తుంటే: పాత స్ట్రెయినా, కొత్త స్ట్రెయినా?

పసిపిల్లల నోటిలో తెల్లపూతకు ఎక్కువ సందర్భాలలో కారణం క్యాండిడా అల్బికాన్స్ అనే ఈస్ట్ (ఒక రకం ఫంగస్). ఆరోగ్యంగా ఉన్న పిల్లల నోటిలోనూ ఇది కనిపిస్తుంది కాబట్టి, పరీక్షలో బయటపడినంత మాత్రాన బిడ్డకు జబ్బు ఉన్నట్టు లెక్క వేయకూడదు. పైగా ఒకే పేరుతో పిలిచే ఈ ఈస్ట్‌లో ఎన్నో స్ట్రెయిన్లు (ఒకే జాతిలోని ఉపరకాలు) ఉన్నాయి, వాటి స్వభావాలూ వేరు. ఎలుకలపై జరిపిన ప్రయోగాలలో ఎస్‌సి 5314 అనే స్ట్రెయిన్ నోటి పొరను బాగా దెబ్బతీసి, తీవ్రమైన వాపు పుట్టించి, ఆ వాపు రప్పించిన రక్షణ కణాల చేతిలోనే కొద్ది రోజులలో తుడిచిపెట్టుకుపోయింది. 101 అనే మరో స్ట్రెయిన్ పెద్దగా వాపు పుట్టించకుండా చాలాకాలం నిలిచిపోయింది. అందువల్ల పూత తిరగబెట్టిన ప్రతిసారీ మందు మార్చేయడం కంటే, ఈస్ట్ ఎక్కడ దాక్కుని తిరిగి వస్తోందో ముందుగా వెతకడం మేలు.

సమస్య 1: నాలుక తెల్లగా ఉంది, పూతో కాదో తెలియడం లేదు

పాలు తాగే బిడ్డ నాలుక మీద పాలపొర పేరుకోవడం మామూలే. తడి గుడ్డతో మెల్లగా తుడిస్తే అది వచ్చేస్తుంది, మందు అక్కరలేదు. క్యాండిడా పూత బుగ్గల లోపల, పెదవుల లోపలి వైపు, అంగిలి మీద కూడా పెరుగు తరకల మాదిరిగా అంటుకుని ఉంటుంది, గట్టిగా తుడిస్తే అడుగున ఎర్రగా కనిపించి ఒక్కోసారి రక్తం చెమరుస్తుంది. చిగుళ్ల మీదా అంగిలి మీదా ముత్యాల్లా గట్టిగా కనిపించే తెల్లని గింజలు వేరు, అవి వాటంతటవే పోతాయి.

సమస్య 2: మందు వేస్తే తగ్గింది, ఆపాక మళ్ళీ వచ్చింది

అన్నిటికంటే ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. దీనికి మందు లోపం కంటే వేసే తీరులోని లోపమే తరచుగా కారణమవుతుంది. నిస్టాటిన్ అనే ఫంగస్ మందు చుక్కలు పేగుల నుంచి రక్తంలోకి దాదాపుగా చేరవు కాబట్టి తాకిన చోటే పనిచేస్తాయి. పాలు పట్టే ముందు వేస్తే పాలతోపాటు కడుపులోకి జారిపోతాయి. కనుక పాలు పట్టిన తరువాత, డాక్టరు చెప్పిన మోతాదును రెండు భాగాలు చేసి చెరో బుగ్గలో వేసి, వీలైనంతసేపు నోటిలో నిలిచేలా చూడాలి. పూత కనబడకుండా పోయాక కూడా కనీసం 2 రోజులు కొనసాగించాలి, ఎందుకంటే కంటికి కనిపించనంత తక్కువగా మిగిలిన పాత స్ట్రెయినే మళ్ళీ పెరుగుతుంది. మైకోనజోల్ అనే మరో ఫంగస్ మందును జెల్ రూపంలో వాడవలసి వస్తే, 4 నెలల లోపు పిల్లల గొంతుకు అది అడ్డుపడే ప్రమాదం ఉందని గుర్తుంచుకుని, డాక్టరు సలహా లేకుండా వేయకూడదు.

మందు సరిగ్గా వేసినా కొద్ది రోజులకే పూత తిరిగి వచ్చిందంటే, ఈస్ట్ బిడ్డ నోటి బయట ఎక్కడో నిలవ ఉందని అనుమానించాలి. తల్లీబిడ్డల నోళ్లలోని ఈస్ట్‌ను జన్యుపరంగా పోల్చి చూసిన అధ్యయనాలలో ఇద్దరిలోనూ ఒకే స్ట్రెయిన్ తరచుగా బయటపడింది. కాన్పు సమయంలో సంక్రమించే అవకాశం ఎలాగూ ఉంది. ఆ తరువాత చనుమొనల నుంచి బిడ్డకూ, బిడ్డ నుంచి చనుమొనలకూ అది అటూఇటూ తిరుగుతూనే ఉంటుంది. తల్లికి చనుమొనలలో మంట, పగుళ్లు ఉంటే ఇద్దరికీ ఒకేసారి చికిత్స చేయాలి, ఒకరికి పూర్తయ్యాక మరొకరికి మొదలుపెడితే ఫలితం ఉండదు. పాలపీక, ఉగ్గుగిన్నె, నోటిలో పెట్టుకునే బొమ్మలు రోజూ నీళ్లలో మరిగించి పూర్తిగా ఆరబెట్టాలి. రబ్బరు, ప్లాస్టిక్ వంటి వాటి మీద ఈస్ట్ జిగురుపొరగా అంటుకుంటుంది, పైపైన కడిగితే పోదు. అన్నం ముద్ద పెద్దలు నోట్లో మెత్తగా చేసి బిడ్డకు పెట్టడం కూడా మానుకోవాలి.

వెలిగారం పొంగించి తేనెలో రంగరించి నాలుకకు రాయడం మన ఇళ్లలో పాత వాడుక. ఏడాదిలోపు బిడ్డకు తేనె వల్ల బొట్యులిజం (కండరాలను చచ్చుబరిచే విషప్రభావం) ముప్పు ఉంది; వెలిగారం పదేపదే ఒంట్లోకి వెళ్లిన పసిపిల్లలకు మూర్ఛలు వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాలలో నమోదయ్యాయి. ఎవరు చెప్పినా ఈ రెండూ వద్దు.

నెలల తరబడి పూత లేకుండా ఉండి, యాంటీబయాటిక్ వాడిన వెంటనే వచ్చిందంటే సంగతి వేరు. నోటిలోని బ్యాక్టీరియా తగ్గిపోవడంతో ఈస్ట్‌కు చోటు దొరికింది. అది పాత స్ట్రెయిన్ అయినా కొత్తదైనా చికిత్స మారదు. అక్కరలేని యాంటీబయాటిక్‌ను మానుకోవడమే అసలు పరిష్కారం.

సమస్య 3: సరిగ్గా వాడినా అసలు తగ్గడం లేదు

ఇక్కడ స్ట్రెయిన్ కంటే ముందు జాతిని తేల్చాలి. నోటి నుంచి తీసిన నమూనాను రంగులు చూపే క్రోమోజెనిక్ అగార్ అనే పోషక పదార్థం మీద పెంచితే క్యాండిడా జాతులలో అల్బికాన్స్ ఆకుపచ్చగా, ట్రాపికాలిస్ నీలంగా, క్రుసై గులాబీ రంగులో పెరుగుతాయి. క్రుసైకి ఫ్లూకోనజోల్ అనే ఫంగస్ మందు స్వతహాగానే పనిచేయదు, గ్లాబ్రాటా అనే మరో జాతికి తక్కువగా పనిచేస్తుంది. అల్బికాన్సే అయినప్పటికీ, ఈ మందును దీర్ఘకాలం వాడిన పిల్లలలో మందును బయటకు నెట్టివేసే పంపులు పెంచుకున్న స్ట్రెయిన్లు మిగిలిపోవచ్చు. అప్పుడు ఈస్ట్ ఏ మందుకు లొంగుతుందో తేల్చే పరీక్ష చేయించిన తరువాతే మందు మార్చాలి. ఉబ్బసానికి స్టిరాయిడ్ ఇన్‌హేలర్ వాడే పిల్లలకు స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి, పీల్చిన ప్రతిసారీ నోరు కడిగించాలి. ఏడాది దాటిన బిడ్డకు పైన చెప్పిన కారణాలేవీ లేకుండా పూత వదలకుండా ఉంటే హెచ్‌ఐవి, మధుమేహం, పుట్టుకతో వచ్చే రోగనిరోధక లోపాల పరీక్షలు ఆలస్యం చేయకూడదు.

సమస్య 4: రెండు నమూనాలలో స్ట్రెయిన్ వేరుగా వచ్చింది

స్ట్రెయిన్ టైపింగ్ (ఏ స్ట్రెయినో తేల్చే పరీక్ష) మామూలు ల్యాబులలో చేయరు, ఒక్క బిడ్డ చికిత్సకు దాని అవసరమూ అరుదు. పిల్లల ఆసుపత్రిలో ఒకేచోట పలువురికి సోకినప్పుడు, లేదా పరిశోధనలో ఇది కావాలి. ఫలితాలు పొసగనప్పుడు మొదటి అనుమానం నమూనా తీసిన పద్ధతి మీద పెట్టుకోవాలి. ఒకే నోటిలో రెండు మూడు స్ట్రెయిన్లు కలిసి ఉండవచ్చు. నమూనాను పెంచిన ప్లేటు మీద ఒకే కాలనీని (ఈస్ట్ గుంపును) ఎంచుకుంటే ఈసారి ఒకటి, మరోసారి ఇంకొకటి చేతికి వస్తుంది, దానినే కొత్త స్ట్రెయిన్ వచ్చినట్టుగా పొరబడతాం. అనేక కాలనీలు తీసి చూడటమే దీనికి పరిష్కారం.

రెండో అనుమానం ఈస్ట్ మీదే. అల్బికాన్స్‌కు 8 జతల క్రోమోజోములు ఉంటాయి. శరీరంలో ఉంటూనే ఒక జతలోని రెండు ప్రతుల మధ్య తేడా చెరిగిపోవడం, క్రోమోజోముల సంఖ్య పెరగడం తగ్గడం దానిలో తరచుగా జరుగుతాయి. అందువల్ల 7 జన్యువులను చదివే ఎమ్‌ఎల్‌ఎస్‌టి పద్ధతిలో ఒక్క స్థానంలో తేడా వచ్చినంత మాత్రాన బయటి స్ట్రెయిన్ అని రాయకూడదు, అది పాత స్ట్రెయినే కాస్త మారినది కావచ్చు. పలు జన్యువులలో తేడా ఉంటే తప్ప కొత్తది అనడం తొందరపాటే. మరో చిక్కు: 1995లో డబ్లిన్ పరిశోధకులు ప్రత్యేక జాతిగా గుర్తించిన క్యాండిడా డబ్లినియెన్సిస్ కూడా సీరంలో (రక్తంలోని ద్రవభాగంలో) అల్బికాన్స్ లాగే మొలకనాళం (మొలక లాంటి సన్నని గొట్టం) వేస్తుంది, కాబట్టి ఆ ఒక్క పరీక్షతో జాతిని ఖాయం చేయకూడదు.

సమస్య 5: పూత లేదు, కానీ పాలపళ్ళు పుచ్చుతున్నాయి

స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ బ్యాక్టీరియా విడుదల చేసే ఒక ఎంజైము ఈస్ట్ పైపొరకు అతుక్కుని, చక్కెర నుంచి జిగురు తయారుచేస్తుంది. ఆ జిగురులో రెండూ కలిసి మందమైన, ఆమ్లం నిండిన పాచిని కడతాయి. ప్రయోగశాలలో ఇంత తెలిసినా, పుచ్చుపళ్ళకు ఫంగస్ మందు వేయడం ఇప్పటికీ ప్రామాణిక చికిత్స కాదు, దంతవైద్యుని దగ్గర దాన్ని కోరనవసరమూ లేదు. రాత్రి పాలసీసా నోటిలో ఉంచి నిద్రపుచ్చడం ఆపాలి, పళ్ళు వచ్చిన రోజు నుంచి 3 ఏళ్లు వచ్చేదాకా బియ్యపు గింజంత ఫ్లోరైడ్ పేస్టుతో రోజుకు రెండుసార్లు తోమాలి, తల్లి నోటిలో పుచ్చుపళ్ళు ఉంటే వాటికీ వైద్యం చేయించాలి.